పథ్యం మీద పథ్యం

ముప్పై ఏళ్ళు జనానికి ఏం తినాలో చెప్పి బతికాను. నేనేం తింటున్నానో ఎవరూ అడగలేదు కాబట్టి సరిపోయింది. మాది రాయచోటి. ఆదివారం పూట రాగిసంగటి, నాటుకోడి పులుసు పడకపోతే నాకు ఆ వారం వెళ్ళదు. అలాంటి మనిషిని తీసుకొచ్చి కర్నూల్లో ఒక ధర్మాసుపత్రిలో ఆహార సలహాదారుగా కూర్చోబెట్టారు. ఒళ్ళునొప్పులతో వచ్చిన ఆడవాళ్ళ చేత కోడి, గుడ్డు, పాలు మాన్పించమన్నారు. మాన్పించాను. ఒకావిడ విషయంలో ఎంత గట్టిగా మాన్పించానంటే, ఆవిడ కళ్ళు తిరిగి పొయ్యి మీద పడింది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు ఈమధ్య నన్ను పిలిచి, "మీ అనుభవంలో గొప్ప విజయం ఏదైనా చెప్పండి మేడమ్" అన్నారు. విజయాలు చెప్పేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు. నేను ఈ తప్పు గురించే చెబుతాను. ఎందుకంటే ఇది మీరూ చేస్తారు. చేసి, నాలాగే ముందు రోగిని తిడతారు.

రెండువేల అయిదో, ఆరో, సరిగ్గా గుర్తులేదు. వానలు పడాల్సిన రోజుల్లో పడకుండా ఎండ మండిపోతున్న శ్రావణమాసం. మా డాక్టరు గారు ఒక భార్యాభర్తల్ని నా గదికి పంపించారు. ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. ఆదోని వైపు పల్లె నుంచి వచ్చి కర్నూలు పాత ఊర్లో ఒక సందులో కాపురం పెట్టారు. సాయంత్రం అయిదు నుంచి సందు మొదట్లో పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతుంది. రొట్టె అంటే కర్రతో ఒత్తేది కాదు. వేడినీళ్ళతో పిసికిన ముద్దను పీట మీద పెట్టి, అరచేత్తో తట్టి తట్టి పళ్ళెమంత చెయ్యాలి. ఒకప్పుడు రోజుకు రెండు నూర్లు తట్టేదట. ఇప్పుడు యాభై దాటితే చెయ్యి పైకి లేవడం లేదు.

మెడ, భుజాలు, నడుము, తుంటి, మోకాళ్ళు, ఎక్కడ పట్టుకున్నా నొప్పి. గాజు తగిలినా నొప్పి. రాత్రంతా పడుకున్నా పొద్దునకి అసలు పడుకోనట్టే ఉంటుంది. రెండేళ్ళుగా తిరగని చోటు లేదు. తాయెత్తులు కట్టించుకుంది, పసర్లు తాగింది, ఎక్స్‌రేలు తీయించుకుంది. ఏ పరీక్షలోనూ ఏమీ లేదు. ఇంటి చుట్టుపక్కల వాళ్ళు పని దొంగ అనడం మొదలుపెట్టారు.

"రిపోర్టులన్నీ బాగుండాయి అంటారు మేడమ్" అంది ఆమె. "రిపోర్టులు బాగుంటే నాకేం వచ్చె? నేను బాగల్యా గదా!"

మా డాక్టరు గారు అప్పుడే పైచదువు ముగించుకుని వచ్చారు. ఓపికగా ఒళ్ళంతా అక్కడక్కడ నొక్కి చూసి, ఇది ఫైబ్రోమయాల్జియా అన్నారు. కీళ్ళలో వాపు లేదు, ఎముకల్లో లోపం లేదు, అయినా నొప్పి నిజం అన్నారు. నొప్పిని మోసుకెళ్ళే నరాలు అవసరానికి మించి గోల చేస్తున్నాయని, అందుకే గాజు తగిలినా దెబ్బ తగిలినట్టు ఉంటోందని చెప్పారట. ఆ మాట వినగానే ఆమె ఆయన ముందే ఏడ్చేసిందట. జబ్బు పేరు ఆమె నోరు తిరగలేదు. "ఆ పేరు నాకొద్దు మేడమ్. నేను అబద్ధం చెప్పడం ల్యా అని ఆయప్ప ఇంట్లో వాళ్ళకు చెప్పినాడు, అది చాలు" అంది.

భర్త గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బస్టాండు దగ్గర హమాలీ. ఆయన తీరు చూస్తే ముక్కోపి అనిపించింది కానీ, తీరా మాట్లాడితే అది భయం.

"మావూర్లో వానల్యాక పోతే అందరూ సుగ్గికి పోతారు మేడమ్. ఇండ్లకు బీగాలేసి, గుంటూరు పక్కకు, మిరప్పండ్లు కోసేదానికి. ఈమె రొట్టెల పొయ్యి పెట్టినంక మేం పోల్యా. మూడేండ్లాయె. పాప తొమ్మిది చదువుతాండాది. మిరపకోతల యాలకు ఈమె పొయ్యి కాడ కూసోలేకపోతే ఇంగ మాకు సుగ్గే గతి."

"ఈ నొప్పులతో ఈమె మిరపకాయలు ఎలా కోస్తుంది?" అన్నాను.

ఆయన భార్య వైపు చూడలేదు. "ఈమె గుడిసెలో పండుకుంటాది. ఈమె బదులు పాప కోస్తాది" అన్నాడు.

ఆమె తల వంచుకుని గాజులు సర్దుకుంది. మిరపకోతలకు ఇంకా ఆరు నెలలుంది. మా చేతిలో ఉన్న గడువు అంతే.

డాక్టరు గారు రాత్రి వేసుకోవడానికి చిన్న బిళ్ళ రాశారు, పొద్దున నడవమన్నారు. దాంతోపాటు తిండి సంగతి నాకు అప్పగించారు. మాంసం, పాలు, గుడ్లు, నూనెలో వేయించినవి మాని, ధాన్యాలు, పప్పులు, కూరలు, గింజల మీద బతికితే ఈ జబ్బులో కొందరికి నొప్పి తగ్గి ఒళ్ళు తేలికపడుతోందని ఆయన ఎక్కడో చదివారు. "ఇది మందు కాదు, గ్యారంటీ లేదు. అయినా చేసి చూద్దాం మేడమ్" అన్నారు. నాకు మహా ఉత్సాహం వచ్చింది. అంతవరకూ నా దగ్గరికి షుగరు వాళ్ళు, బీపీ వాళ్ళు తప్ప ఎవరొచ్చారు కనుక!

నా దగ్గర ఒక కాగితం ఉండేది. హైదరాబాదు శిక్షణలో ఇచ్చిన దాన్ని ముందు పెట్టుకుని నేనే తెలుగులో రాసి జిరాక్సులు తీయించాను. ఒక వైపు తినకూడనివి, ఒక వైపు తినవలసినవి. తినకూడనివి బారెడు పొడుగుండేవి. తినవలసిన వాటిలో ఓట్స్, సోయా, బాదం, ఆపిల్ ఉండేవి, చివర్లో "పప్పులు, ఆకుకూరలు సమృద్ధిగా" అని ఒక్క ముక్క. పుస్తకం చదివినట్టు గ్రాంథికంగా ఆమెకు చదివి వినిపించాను. అర్థమైందా అంటే తల ఊపింది. మన జనం ఆసుపత్రిలో ఊపినంతగా ఇంకెక్కడా తల ఊపరు. ఆ ఊపుడును నేను జవాబు అనుకున్నాను.

పదిహేను రోజులకొకసారి, అదీ చేతిలో నాలుగు దుడ్లు ఉంటే మాంసం వండుకునే ఇల్లు అది. పాలు టీకి, కాసింత తోడుకి తప్ప కొనరు. అలాంటి ఇంటికి మాంసం, పాలు మానమని చెప్పడానికి నాకు హైదరాబాదు శిక్షణ కావాల్సి వచ్చింది. అది అప్పుడు తట్టలేదు.

దసరా ముందు ఒకసారి వచ్చింది. మూడు కిలోలు తగ్గింది. ఎలా ఉందంటే "పర్వాలేదు మేడమ్" అంది. పథ్యం పాటిస్తున్నావా అంటే "ఒగటి గూడా తప్పలేదు" అంది. నేను మురిసిపోయి, కేసు కాగితం మీద "పథ్యం చక్కగా పాటిస్తోంది" అని రాసి సంతకం పెట్టాను. ముఖం పాలిపోయి ఉంది. చూశాను కూడా. ఎండలో నడిచి వచ్చింది కదా అనుకున్నాను.

కార్తీకంలో ఒక రోజు పొద్దున నేను వెళ్ళేసరికి ఆమె వార్డులో మంచం మీద ఉంది. ముందురోజు సాయంత్రం రొట్టె పెనం మీద వేస్తూ కళ్ళు తిరిగి ముందుకు పడింది. కుడి ముంజేయి కాలింది. పక్కనున్న కూరగాయలావిడ లాగకపోతే ముఖమే పోయేది. రక్తం సగానికి సగం పడిపోయి ఉంది. డాక్టరు గారు కాగితాలు చేత్తో పట్టుకుని నా వైపు చూసి, "ఈమె మూడు నెలల నుంచి ఏం తింటోంది మేడమ్?" అన్నారు.

ఇది పిల్లలందరూ శ్రద్ధగా వినాలి. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు ఉద్యోగస్తులు ఏం చేస్తారో నేనూ అదే చేశాను. రోగి మీద అరిచాను. "రాసిచ్చింది తినమంటే తినరు. ఇష్టమొచ్చినట్టు చేస్తారు, ఆనక మా మీదికి వస్తారు" అని వార్డంతా వినేటట్టు దులిపేశాను. ఆమె కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని నా వైపే చూసింది. తర్వాత మెల్లగా, "మీరు వద్దన్నది ఒగటి గూడా నోట్లో పెట్టుకోల్యా మేడమ్. మా పాప మీద ఒట్టు" అంది.

నేను వినిపించుకోకుండా గదికి వచ్చేశాను.

మా ఆసుపత్రి వంటాయన గురించి ఇక్కడ చెప్పాలి. అరవై దగ్గరపడ్డ ముసల్మాను పెద్దాయన. వండడం ఆయన పని, ఏం వండాలో రాయడం నా పని. నా చీటీలను ఆయన మర్యాదగా తీసుకుని డబ్బాలో వేసుకునేవాడు, వాటిని చదివిన గుర్తులు నాకెప్పుడూ కనిపించలేదు. కానీ వార్డు నుంచి తిరిగొచ్చిన ప్రతి పళ్ళెం కడగడానికి వేసేముందు ఆయన చూసేవాడు. నేను అది ఆయన చాదస్తం అనుకునేదాన్ని.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన నా గది గుమ్మంలో నిలబడ్డాడు. ఎప్పుడూ రాని మనిషి.

"మేడమ్, ఆ చెయ్యి కాలిన బిడ్డ ఉండాది చూడు, రొట్టెలామె. మూడు పూటలుగా చూస్తాండా. పప్పు ముట్టుకోదు, వంకాయ కూర ముట్టుకోదు. ఉత్త బువ్వ, చారు. అంతే. తినలేకనా అంటే కాదు, పళ్ళెం పక్కకి నీటుగా తోసి పెడతాండాది. అట్ల తోసేది పథ్యమున్నోళ్ళే."

"పప్పు తినమనే కదా నేను రాశాను!"

"మీరు రాసినారు మేడమ్, సరే. ఇంట్లో ఎవరేం చెప్పినారో అడిగినారా?"

ఆయన వెనకే వార్డుకు వెళ్ళాను. నేను అడగకముందే ఆయనే మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, "ఏమ్మా, ఇంట్లో ఉన్నప్పుడు రోజూ ఏం తింటాంటివి? పొద్దున్నుంచి ఒక్కోటి చెప్పు" అన్నాడు. మూడు నెలల్లో ఈ ప్రశ్న నేను ఒక్కసారీ అడగలేదు.

ఆమె చెప్పింది. పొద్దున బువ్వ, మిరియాల చారు. మధ్యాహ్నం బువ్వ, మిరియాల చారు. రాత్రికి అదే, ఒక్కోసారి కాస్త వెల్లుల్లి కారం. మరి పప్పో? నొప్పులకు కందిబ్యాళ్ళు వాతం అని వాళ్ళ అత్త చెప్పిందట. శనగలో? వాతం. అలసందలు, అనుములు? అయ్యో, శానా వాతం. వంకాయ, గోంగూర, గుమ్మడికాయ, చింతపండు? నొప్పులున్న మనిషికి అవి పెడతారా ఎవరైనా! ఆకుకూరలు చలవ, రాత్రిపూట కీళ్ళు పట్టేస్తాయి. అంతకు ముందైతే కాసిన్ని పెరుగు మెతుకులు, పండుకునే ముందు గ్లాసుడు మజ్జిగ, ఎప్పుడన్నా గుడ్డు ఉండేవి. వాటిని నేను మాన్పించాను.

అత్తగారి పథ్యం ఒకటి, నా పథ్యం ఒకటి. రెంటినీ ఆ మనిషి మూడు నెలలు తప్పకుండా పాటించింది. ఆవిడ తీసేసినవి, నేను తీసేసినవి పోగా మిగిలింది రేషను స్టోరు బియ్యపు బువ్వ, చారునీళ్ళు. నా ఓట్స్, బాదం సంగతి అడిగితే "అవి మాకు దొరకవు అని వదిలేస్తిమి మేడమ్" అంది. రాత్రి బిళ్ళ, పొద్దున నడక కొంత పనిచేసి నొప్పి కాస్త తగ్గిందట కూడా. నొప్పి తగ్గుతోంది కదా అని ఇంకా పట్టుగా ఆకలికి ఓర్చుకుంది.

నాకు సిగ్గేసింది. ఊరికే అనడం లేదు, నిజంగానే వంటాయన ముఖం చూడలేకపోయాను. అయితే సిగ్గు నాలో ఎక్కువసేపు నిలవదు, కోపంగా మారుతుంది. ఆ కోపం ఈసారి అత్తగారి మీదికి మళ్ళింది. కోడల్ని ఎండబెట్టి చంపుతున్న ముసలిదాన్ని ఇవాళ కడిగేస్తాను అనుకుని, మరుసటి రోజు ఆటో ఎక్కి పాత ఊరికి పోయాను.

ఒకటే గది, ముందు చిన్న వసారా. మధ్యాహ్నం ఒంటిగంట. అవ్వ వసారాలో కూర్చుని అన్నం తింటోంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. గోడ మీద నా కాగితం కనిపించింది. దేవుడి పటం కిందనే, మైదాతో అంటించి ఉంది. తినకూడనివి అన్న వరసలో, తొమ్మిది చదివే ఆ పాప కాబోలు, ఎర్ర పెన్సిలుతో ఒక్కొక్కదానికీ అడ్డగీత గీసింది.

నేను తయారుచేసుకుని వచ్చిన తిట్లన్నీ నోటి చివరన ఉన్నాయి. అప్పుడు ఆవిడ పళ్ళెంలోకి చూశాను. ఉత్త బువ్వ. మిరియాల చారు.

"నీకేమైంది అవ్వా? నీకూ నొప్పులా?" అన్నాను.

"నాకేం నొప్పుల్లేవమ్మా, గుండురాయి మాదిరి ఉండా."

"మరి నువ్వెందుకు ఈ తిండి తింటున్నావు?"

ఆవిడ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "కోడలి ఎదురుగా నేను పప్పు పోసుకుని తింటే, అది సూస్తా ఎట్ల మింగుతాది? మూడు నెల్లాయె, నేనూ ఇదే తింటాండా. నా కొడుక్కు మాత్రం బయట తినమని చెప్పినా, వాడు మూటలు మోసేటోడు. పాపకు వాడే బయట్నుంచి ఏదన్నా తెస్తాడు."

నేను గుమ్మం మీద కూర్చున్నాను.

ఆవిడే మళ్ళీ అంది, నెమ్మదిగానే. "నువ్వు పాలొద్దంటివి, పెరుగొద్దంటివి, గుడ్డొద్దంటివి. చదువుకున్న దానివి, నీకు తెల్సు అనుకుంటి. మా అమ్మ కాన్నించి వాతానికి ఏమేం కట్టెయ్యాలో నాకు తెల్సు. నీదీ జరిపిస్తి, నాదీ జరిపిస్తి. అయినా ఆ బిడ్డ పొయ్యిలో పడె. ఇంగ తప్పు యాడ ఉండాదో నువ్వే సెప్పు తల్లీ."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు మూడు నెలలుగా చారునీళ్ళు తాగి బతికారు. ఒకరు బాగుపడాలని, ఒకరు ఆమెకు తోడుండాలని. పైగా వాళ్ళలో ఒకామెను నేను వార్డులో అందరి ముందూ నానా మాటలూ అన్నాను.

ఉద్యోగంలో చేరాక నా రాయచోటి భాషను నేను ఇంట్లో వదిలేసి వచ్చేదాన్ని. ఆరోజు అది తనంతట తనే వచ్చింది. "తప్పు నాదే అవ్వా" అన్నాను. "ఏం తినగూడదో చెప్తి గానీ, తినేదానికి ఏం మిగిల్నాదో అడగల్యా. ఇప్పుడు అడుగుతాండా. నీ లెక్కలో నొప్పులున్న మనిషికి ఏమేం పెట్టొచ్చో చెప్పు. నేను రాసుకుంటా."

"నేను చెప్తే నువ్వు రాసుకుంటావా?"

"రాసుకుంటా."

ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పెసలు పెట్టొచ్చు, పథ్యానికి అదే మొదటిది. ఉలవలు ఎంతైనా పెట్టొచ్చు, అవి వేడి, వాతాన్ని కోసేస్తాయి. నువ్వులు మంచివి. మునగాకు శానా మంచిది, మెంతాకు సరే, అవి చలవ కాదు. అల్లం, వెల్లుల్లి, మిరియాలు చెప్పనక్కర్లేదు. బీరకాయ, సొరకాయ, కాకరకాయ. కొర్రలు, జొన్నలు. నా పెన్ను ఆగకుండా పరిగెత్తింది. నేను పొద్దున్నుంచి రాత్రి దాకా కాగితాల మీద లెక్కలు కట్టి తేవాల్సిన పోషకాలన్నీ ఆవిడ అనుమతించిన వాటిలోనే ఉన్నాయి. మాంసం లేదు, పాలు లేవు. డాక్టరు గారు కోరిన తిండే అది. దాన్ని నేను ఆపిల్ పండ్లలో వెతికాను.

బేరాలు కూడా జరిగాయి. బుడ్డలు పైత్యం అంది. కర్నూల్లో వేరుశనగలకు ఆ పేరు. నానబెట్టి ఉడకబెడితేనో అన్నాను. ఉడకబెడితే సరే, పిడికెడు, అంతకు మించి లేదంది. ఆకుకూర రాత్రికి వద్దు, పగటి పూటే అంది. పగలే అన్నాను. కందిబ్యాళ్ళు మాత్రం ససేమిరా అంది. నేను పోట్లాడలేదు. ఉలవలున్న ఇంట్లో కందుల కోసం యుద్ధం ఎందుకు?

"మరి జొన్నలు మంచివంటున్నావు కదా, రొట్టెలు కాల్చే ఇంట్లో మీరు రొట్టె తినరేం?" అని అడిగాను.

"అవి అమ్మేదానికి కదమ్మా! బోణీ కాకముందు అమ్మే సరుకు మనం నోట్లో పెట్టుకుంటామా? అయినంక ఏం మిగల్దు."

ఊరి వాళ్ళు షుగరు తగ్గాలని ఆ రొట్టెలు కొనుక్కుపోతున్నారు. తట్టే మనిషి స్టోరు బియ్యం తింటోంది. నేను కొంచెం ఆలోచించి, "పగటి పూట ఇంటి పొయ్యి మీద వేరే పిండితో మీ ఇద్దరికీ కాల్చుకుంటే? అది అమ్మేది కాదు కదా" అన్నాను. ఆవిడ "అది తప్పు గాదు" అని తేల్చింది. తర్వాత నవ్వింది. పై పళ్ళు రెండు లేవు. "నువ్వు మంచి బేరగత్తెవే!" అంది.

కొత్త కాగితం డాక్టరు గారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, "మీ పాత కాగితం కంటే ఇది చాలా బాగుంది. ఎవరు చేశారు?" అన్నారు. మా సీనియర్ అన్నాను. ఆయన రక్తం పెరగడానికి మందులు రాశారు. మొక్కల్లో దొరకని బి12కి ఒక బిళ్ళ కలిపారు. అది మొదటి రోజే నేను గుర్తుచేసి ఉండాల్సింది. నా కాగితంలో ఆపిల్‌కు చోటుంది, దానికి లేదు.

ఆమెను క్షమించమని అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది. పెద్ద ఉద్యోగం చేస్తున్నానన్న భ్రమ ఒకటి ఉంటుంది కదా. చివరికి ఇంటికి పంపేరోజు పొద్దున, ఎక్కడైతే తిట్టానో ఆ మంచం దగ్గరే, పక్క మంచాల వాళ్ళు వినేటట్టు, "నువ్వు చెప్పింది నిజం. నేనే పొరపాటు పడ్డాను" అన్నాను. ఆమె కంగారుపడి, "అయ్యో, ఎంత మాట మేడమ్" అని నా చెయ్యి పట్టుకుంది. నాకు మాత్రం ఆ తర్వాతే అన్నం సయించింది.

అద్భుతాలేమీ జరగలేదు. ఇది అద్భుతాల జబ్బు కాదు. మొదటి నెల నీరసం పోయింది. చెయ్యి మానింది. రెండో నెలకు నిద్ర కాస్త పట్టింది. పిండి పిసకడం అవ్వ తీసుకుంది. ఈమె ముప్పై రొట్టెలు తట్టి లేచి, సందు చివరి దాకా నడిచి వచ్చి మళ్ళీ కూర్చునేది. ముసురు పట్టిన రోజుల్లో నొప్పి తిరగబెట్టేది, రెండు రోజులు పొయ్యి వెలిగేది కాదు. అప్పుడు భర్త మళ్ళీ మిరపకోతల మాట ఎత్తేవాడట. తిండి ఎంత, బిళ్ళ ఎంత, నడక ఎంత, అబద్ధం చెప్పడం లేదని ఇంటివాళ్ళు నమ్మడం ఎంత పనిచేసిందో నేను విడదీసి చెప్పలేను. మా డాక్టరు గారు కూడా చెప్పలేనన్నారు. అది నిజాయితీ అనుకుంటాను.

పుష్యమాసంలో వచ్చినప్పుడు ఆయన ఆమెను, నొప్పి పదిలో ఎంత ఉందని అడిగారు. ఆమెకు ఆ లెక్క కుదరలేదు.

"నొప్పి ఉండాది సార్, పోల్యా. ఇంతకు ముందు పొద్దున్నే నొప్పి నన్ను లేపుతాండె. ఇప్పుడు నేను ముందు లేసి దాన్ని లేపుతాండా" అంది.

ఆయన కాగితం మీదికి వంగి ఏదో రాశారు. ఆ గడిలో ఏ అంకె వేశారో నాకు తెలియదు.

ఆపైన మాఘం వచ్చింది. పడమటి పల్లెల నుంచి సుగ్గికి లారీలు కదులుతున్నాయని వంటాయన చెప్పాడు. చట్లూ చాపలూ పిల్లలూ అన్నీ ఎక్కించుకుని గుంటూరు దారి పట్టాయి. ఆ వారం మంగళవారం ఆమె రావాలి. పొద్దున్నుంచి గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. పది దాటింది, పన్నెండు దాటింది. ఆమె ఎప్పుడూ గడువు తప్పిన మనిషి కాదు. రెండున్నరకు ఓపీ మూసేశారు. రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా "రాలేదు" అని రాశాను. అక్షరాలు వంకరపోయాయి. ఆ పిల్ల ముఖం నేనెప్పుడూ చూడలేదు. అయినా మిరపచేలో వంగి ఉన్నట్టే కనిపించింది. ఎర్ర పెన్సిలు పట్టుకున్న చేతులతో.

ఇంటికి పోకుండా సాయంత్రం పాత ఊరికి పోయాను. ఇంటికి బీగం ఉంటే చూసి వచ్చేద్దామనే. సందు మలుపు ఇంకా తిరగలేదు, చప్పుడు వినిపించింది. పీట మీద అరచెయ్యి పడే చప్పుడు. టప టప టప, మధ్యలో ఒక్క క్షణం ఆగి ముద్దను తిప్పడం, మళ్ళీ టప టప. అంత వేగంగా ఆమె తట్టడం నేను అంతకు ముందు వినలేదు.

పొయ్యి ముందు కూర్చుని ఉంది. పక్కన బుట్టలో గుడ్డ పరిచి రొట్టెలు మోకాలెత్తు పేర్చి ఉన్నాయి. అవ్వ పిండి పిసుకుతోంది. భర్త ఒక మూట సైకిలుకు కట్టుకుంటున్నాడు. నాకు ముందు ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే మామూలుగా కోపం వచ్చింది.

"ఏమ్మా, ఈరోజు ఆసుపత్రికి యాల రాలేదు? పొద్దున్నుంచి కాచుకోనుండా!"

ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది. నా వైపు చూసి నాలుక కరుచుకుంది. "మంగళారమా ఈ పొద్దు? అయ్యో మేడమ్! పెండ్లోళ్ళు రెండు నూర్ల రొట్టెలు చెప్పినారు. తెల్లారిన కాన్నించి దీంట్లోనే పడి... మర్సిపోతి!"

"మావూరోళ్ళ లారీ మొన్న పాయ" అన్నాడు భర్త, మూట బిగిస్తూ. "మేం పోల్యా. పాపకు పరీక్షలుండాయి."

రెండేళ్ళుగా ఒక్క నిమిషం కూడా మరిచిపోనివ్వని నొప్పి అది. పొద్దున లేచినప్పటి నుంచి ఇప్పటిదాకా, ఆసుపత్రి అనేది ఒకటి ఉందన్న సంగతే ఆమె మరిచిపోయింది. ఎంత చక్కగా మరిచిపోయింది!

అవ్వ నన్ను కూర్చోమని, తిని పొమ్మని పట్టుబట్టింది. మునగాకు వేసిన పెసరపప్పు ఉందంది. నేను తిన్నాను. పెళ్ళివాళ్ళ కోసమని ఆమె తట్టడం ఆపలేదు, నేనూ ఆపమనలేదు.

మరునాడు పొద్దున రిజిస్టరు తెరిచాను. ఎర్ర సిరాతో నేను రాసిన వంకర అక్షరాలు అలాగే ఉన్నాయి. కొట్టేయడానికి మనసు రాలేదు. పక్కన కొంచెం చోటుంటే అందులో ఇంకో మాట కలిపాను. ఆ తర్వాత తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు ఇదేమిటని అడిగారు కూడా. నేను చెప్పలేదు. ఆ గడి ఇలా ఉంటుంది: "రాలేదు. పనిలో ఉంది."